రెండు తాళాల కంప్యూటర్

బస్సు డిపోలో విడిభాగాల స్టోరుకి ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు తాళం వేసి తీసిన మనిషి కాబట్టి, ఆయన్ని వీధిలో అందరూ స్టోరు గారనే అంటారు. సొంత పేరు ఒకటి ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా పనికి రాదు. మనిషి మంచివాడు. అడిగినవాడికి లేదనడు. అలాగని వెంటనే ఇవ్వడు కూడా. హెడ్‌లైటు బల్బు కాలిపోయి డ్రైవరు పరుగెత్తుకుంటూ వస్తే, ముందు చీటీ ఏదనేవాడు. చీటీ ఉంటే సంతకం ఏదనేవాడు. సంతకం ఉంటే తేదీ ఏదనేవాడు. ఈలోగా బస్సులో కూర్చున్న జనం దిగి, నడుచుకుంటూ ఇళ్ళకి పోయేవారు.

ఆ స్టోరు తలుపుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఈయన దగ్గర, రెండోది ఫోర్‌మన్ దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరవాలి, ఏ ఒక్కడూ ఒంటరిగా సరుకు ముట్టుకోకూడదని రూలు. ఒకసారి ఫోర్‌మన్ తాళంచెవి జేబులో వేసుకుని చుట్టాలింటికి పోయాడు. నాలుగు బస్సులు బెల్టుల్లేక రెండు రోజులు నిలబడిపోయాయి. మేనేజరు వచ్చి, ఆ తాళం పగలగొట్టవయ్యా అన్నాడు. ఈయన తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ మాటే కాగితం మీద రాసిమ్మన్నాడు. మేనేజరు రాయలేదు, ఈయన లేవలేదు. తన జీవితంలో ఇంతకు మించిన ఘనకార్యం లేదని ఆయన నమ్మకం. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఈ కథ విన్నారు. రెండోసారి వినాల్సి వస్తుందని కొందరు రావడమే మానేశారు.

అలాంటి మనిషి రిటైరై ఇంట్లో పడ్డాడు. మొదటి నెల్లోనే వంటింటి డబ్బాలన్నిటి మీదా పేర్లు చెరిపి నంబర్లు వేశాడు. ఏ నంబరులో ఏముందో జాబితా రాసి, ఆ జాబితా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన అత్తగారు, అంటే భార్య తల్లి, వీళ్ళతోనే ఉంటుంది. ఆవిడ నంబర్లు గుర్తులేక మూడు రోజులు వరసగా టీలో ఉప్పు వేసింది. నాలుగో రోజు నంబర్లు గుర్తొచ్చాయి గానీ, అల్లుడి కప్పులో మాత్రం ఉప్పే వేసింది.

భార్య టైలరు. ముందుగది ఆవిడ కొట్టు. రెండు మిషన్లు, ఒక పెద్ద బల్ల, ఆ బల్ల దగ్గర పదేళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్న ఒకామె. ఆమెని కటింగమ్మ అంటారు. ఈ నంబర్ల గోల పెరిగి పెరిగి ముందుగది గుమ్మం దాకా వచ్చేసరికి, భార్య కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్నకి ఏదో ఒకటి అప్పజెప్పవే. లేకపోతే రేపు నా సూదులకి కూడా నంబర్లు వేస్తారు."

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఒక ఆదివారం పాత కంప్యూటరొకటి మోసుకొచ్చి వెనకగదిలో పెట్టింది. పాతది కాబట్టి దాంట్లో, డొక్కు యంత్రాల మీద కూడా నడిచే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. కటింగు బల్ల పక్కన ఒక డొక్కు ల్యాప్‌టాప్ పెట్టి రెండిటినీ కలిపింది. వెనకగది కంప్యూటర్లో కొలతలు అనే ఫోల్డర్ ఉంటుంది. అది ముందుగది ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటుంది. అమ్మ కొలతలు ఎక్కిస్తే కటింగమ్మ చూసుకుని కత్తిరిస్తుంది. ఇదంతా చూపించి, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నాన్నా, దీనికి అడ్మినిస్ట్రేటర్‌వి నువ్వే," అంది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సర్వీసు మొత్తంలో ఆయనకి వచ్చిన ప్రమోషన్లు రెండు. అందులో ఒకటి పొరపాటున ఇచ్చామని వెనక్కి తీసుకున్నారు. "ఆర్డరు కాగితం ఏమైనా ఇస్తావా?" అని అడిగాడు. కూతురు అప్పటికే గేటు దాటింది.

మూడు వారాలు ఆయన ఆ యంత్రం ముందునుంచి లేవలేదు. ప్రతి ఫైలుకీ ఒక ఓనరు ఉంటాడనీ, తర్వాత ఒక గ్రూపు, ఆ తర్వాత మిగతా జనం అనీ తెలిసింది. ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు లోపలికి అడుగు పెట్టొచ్చు అన్నది అడ్మినిస్ట్రేటరు చేతిలో ఉంటుందని తెలిసింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళూ తన మనసెరిగిన మనిషి లోకంలో ఒక్కడూ లేడనుకున్నాడు. ఉన్నాడు, ఉండి ఈ లినక్స్ తయారుచేశాడు. ఆ ఉత్సాహంలో ఇంట్లో అందరికీ తలా ఒక అకౌంటు తెరిచాడు. ఎవరికి ఏ ఫైలు కావాలన్నా చీటీ రాసి ఆయన బల్ల మీది డబ్బాలో వెయ్యాలన్నాడు. అత్తగారు కంప్యూటర్లోకి ఎక్కించిన తన పెళ్ళి ఫొటో చూసుకోవడానికి చీటీ పెట్టింది. కారణం అన్నచోట "బుద్ధి పుట్టింది" అని రాసింది. కారణం చాలదని ఈయన తిప్పి పంపాడు. ఆవిడ ఆ చీటీ మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది.

అంతా సవ్యంగా నడుస్తుండగా, ఒక సోమవారం ఆయనకి అన్నం సయించలేదు. ఒక సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఈ స్టోరుకి తాళాలన్నీ తన ఒక్కడి దగ్గరే ఉన్నాయి. రెండో తాళం లేదు. ఒక్కడే తెరుస్తున్నాడు, ఒక్కడే మూస్తున్నాడు. ఇలాంటి స్టోరుకీపరుని ఆయన డిపోలో చూసుంటే దొంగ అనేవాడు.

మధ్యాహ్నమే పని మొదలుపెట్టాడు. స్టోరు అని కొత్త అకౌంటు తెరిచి, అధికారాలన్నీ దానికి కట్టబెట్టాడు. కొలతల ఫోల్డర్‌కి ఓనరుగా ఆ అకౌంటునే పెట్టి, మిగతా జనం ఎవరూ గుమ్మం తొక్కకుండా చేశాడు. దాని పాస్‌వర్డ్ మాత్రం రెండు సగాలు. మొదటి సగం తనది, రెండో సగం భార్యది. ఒకరిది ఒకరికి తెలియకూడదు. అందుకో పద్ధతి కూడా ఆలోచించాడు. ఆయన తన సగం కొట్టేటప్పుడు రెండో మనిషి తలుపు తెర అవతల నిలబడాలి. తర్వాత ఆయన గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, మీటల చప్పుడు కూడా వినపడకుండా చెవుల్లో వేళ్ళు పెట్టుకుంటాడు. రెండో మనిషి వచ్చి కొట్టేసి, ఆయన భుజం తట్టి, మళ్ళీ తెర అవతలికి పోవాలి. ఆయన పది లెక్కపెట్టి అప్పుడు తిరుగుతాడు.

"ఏమోయ్, ఒకసారి వచ్చి నీ సగం కొట్టి పో," అని ఆయన వెనకగదిలోంచి కేకేశాడు.

కొత్త పాస్‌వర్డుని కంప్యూటర్ రెండుసార్లు అడుగుతుంది కాబట్టి, అనుకున్నది అనుకున్నట్టు రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ భుజం మీద చెయ్యి పడింది, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఒప్పుకుంది. ఇందుకోసమే కొత్తగా తెరిచిన తాళాల రిజిస్టరు పట్టుకుని ముందుగదిలోకి వెళ్తే, నోటినిండా గుండుసూదులతో ఎవరికో జాకెట్టు సరిచేస్తున్న భార్య, తలెత్తకుండా చూపించినచోట సంతకం పెట్టింది. ఆయన వెనక్కి వచ్చి, తన సొంత అకౌంటుకి ఉన్న అధికారాలన్నీ తనే ఊడబెరికాడు. గుండె తేలికైంది. సాయంత్రం రెండు కప్పులు టీ తాగాడు, రెండిట్లోనూ ఉప్పున్నా గమనించలేదు.

మర్నాడు పదిగంటలకి ముందుగదిలోంచి కటింగమ్మ గొంతు వినిపించింది.

"అక్కా, ఈ ల్యాప్‌టాప్ నన్ను పొమ్మంటోంది. నాకు అనుమతి లేదంట."

ఆ రోజు బల్ల మీద మెరూన్ రంగు గుడ్డ పరిచి ఉంది. స్కూలు బ్యాండులో ఇరవై నాలుగు మంది పిల్లలకి చేతుల్లేని కోట్లు. సాయంత్రం ఆరింటికి కుట్టేవాళ్ళు వచ్చి ముక్కలు తీసుకెళ్ళాలి, శనివారం పిల్లలు అవి తొడుక్కుని వాయించాలి. మళ్ళీ కొలుద్దామా అంటే పిల్లలు విహారయాత్రకి పోయారు, శుక్రవారం దాకా రారు. మొదటిసారి కొలవడానికే రెండు రోజులు పట్టింది, అందులో ఒకటిన్నర రోజు వాళ్ళని పట్టుకోవడానికే సరిపోయింది. కొలతలు రాసుకునే పాత నోటుపుస్తకం ఉంది కదా అంటే, కంప్యూటర్ వచ్చాక దాన్ని కాలం చెల్లిన సరుకు కింద కొట్టేసి, పాత కాగితాలవాడికి ఇచ్చేసిన మహానుభావుడు ఎవరో చెప్పనక్కర్లేదు.

స్టోరు గారు ధీమాగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తన అకౌంటు నుంచే ఆజ్ఞ కొట్టాడు. అధికారాలు తీసేసుకున్న సంగతి వేళ్ళకింకా తెలియదు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఈ పని చేసే హక్కు మీకు లేదు, ఈ సంఘటన పైవారికి తెలియజేయబడుతుంది అని దాని సారాంశం. ఆయన నిటారుగా కూర్చున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. చొక్కా గుండీ పెట్టుకుని, పైవారెవరా అని కాసేపు భయపడ్డాడు. ఆలోచించగా ఆ పైవారు తనేనని తట్టింది. తన మీద తనకే ఫిర్యాదు అందిందన్నమాట. దాని మీద ఏం చర్య తీసుకోవాలో తోచక వదిలేశాడు.

"ఏమోయ్, నీ సగం కావాలి. రా."

భార్య కత్తెర చేత్తోనే పట్టుకుని వచ్చింది. "దేంట్లో సగం?"

"నిన్న కొట్టావు కదా, పాస్‌వర్డులో నీ సగం."

"నేనా? నేనెప్పుడు కొట్టాను?"

ఆయన రిజిస్టరు తెరిచి సంతకం మీద వేలు పెట్టి చూపించాడు.

"సంతకం పెట్టమన్నారు, పెట్టాను. నోట్లో సూదులున్నాయి, ఎదురుగా కస్టమరు నిలబడి ఉంది. మీరేమో కేకలు. ఆయనేదో కొట్టమంటున్నారు, నువ్వెళ్ళి కొట్టి రామ్మా అని అమ్మని పంపించాను."

ఫోల్డర్ తెరుచుకోకపోవడం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. తాళంచెవి ఒకరిది, సంతకం ఒకరిది. "రిజిస్టర్లో తప్పుడు సంతకం..." అని మొదలుపెట్టాడు. భార్య ఆయన వంక చూసింది. ఆయన రిజిస్టరు మూసేశాడు.

"నేనొక మాట చెప్తాను, వినండి," అంది ఆవిడ. గొంతు పెంచలేదు, అదే ఆయన్ని భయపెట్టింది. "ఒంటిగంట లోపల ఆ కొలతలు నా చేతికి రావాలి. రాకపోతే ఆదివారం పిల్ల వచ్చినప్పుడు ఈ పెట్టె పట్టుకుపొమ్మంటాను. నాకు నోటుపుస్తకం చాలు."

ఆవిడ వెళ్ళిపోయింది. పెట్టె పోతే ఆయనకి మిగిలేది కిటికీ పక్క కుర్చీ, ఇల్లు తుడిచేటప్పుడు కాళ్ళు పైకెత్తడమనే ఉద్యోగం. డబ్బాలకి నంబర్లు వెయ్యడం అయిపోయాక, ఈ పెట్టె వచ్చేదాకా ఆయన ఎక్కువగా చేసిందదే. కాళ్ళెత్తి కూర్చున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు, ఆయన దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు. మళ్ళీ ఆ కుర్చీలోకి పోవడమంటే ఆయనకి నిజంగానే భయం వేసింది.

కూతురికి ఫోన్ చేస్తే, "దాన్ని పాస్‌వర్డ్ లేకుండా తెరిచే దారి ఒకటుంది నాన్నా, కానీ నువ్వు ముట్టుకోకు. సాయంత్రం దుకాణం కట్టేశాక వస్తాను," అంది. దుకాణం కట్టేది ఎనిమిదింటికి. ఇక మిగిలింది అత్తగారు.

ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు. సంగతి చెప్పాడు. ఆవిడ ఒక వేలు పూర్తిచేసి, ఇంకో వేలు మొదలుపెట్టింది.

"చీటీ రాశారా అల్లుడుగారూ?"

ఆయన లోపలికి వెళ్ళి చీటీ రాసి తెచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "కారణం దగ్గర 'అత్యవసరం' అని రాశారు. ఎవరికి అత్యవసరం?"

"నాకే," అన్నాడు ఆయన. "అది తెరుచుకోకపోతే నన్నీ ఇంట్లో ఎవరూ మనిషి కింద లెక్కపెట్టరు అత్తయ్యగారూ."

అలా అనేస్తాడని ఆయనే అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు. గోళ్ళు తీసేది పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. "అయితే పదండి. కానీ మీ రూలు రూలే. నా తాళం నేను చెప్పను, నేనే వేస్తాను. మీరు గోడవైపు తిరగాలి."

ఆయన తన సగం కొట్టి గోడవైపు తిరిగాడు, కళ్ళు మూసుకున్నాడు. కంగారులో చెవులు మూసుకోవడం మరిచిపోయాడు. వెనక టక్, టక్, టక్ మని చప్పుడైంది. వింటున్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తాళాల చప్పుడు విన్న చెవులవి. ఆవిడ కొడుతున్నది ఒకే మీట.

"తప్పంటోంది. ఏడు కాదేమో, ఎనిమిది కొట్టానేమో," అంది అత్తగారు. "ఈ చివర మీట ఒకటి కొత్తదానిలా మెరుస్తోంది చూశారా, పాపం దీన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకని మొత్తం దానికే ఇచ్చాను."

ఆయన మళ్ళీ తన సగం కొట్టి గోడవైపు తిరిగాడు. ఈసారి ఎనిమిది దెబ్బలు పడ్డాయి. స్టోరు తెరుచుకుంది. ఈ ఇంటి సరుకుకి రెండో తాళం ఇదా అని ఆయన మనసు విలవిల్లాడింది. కానీ గడియారంలో పన్నెండు నలభై అయింది. విలవిల్లాడడం సాయంత్రానికి వాయిదా వేసి, కొలతల ఫైలు తెరిచాడు. ఇరవై నాలుగు వరసలూ భద్రంగా ఉన్నాయి. గబగబా ఆ ఫైలుని ముందుగదివాళ్ళు కూడా చదివేట్టు అనుమతి ఇచ్చి, "చూడండి," అని కేకేశాడు.

"ఇంకా పొమ్మనే అంటోంది," అని కటింగమ్మ బదులిచ్చింది.

మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ పొమ్మంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేయించాడు, ఊహూఁ. ఒంటిగంటకి ఐదు నిమిషాలుంది. భార్య ముందుగదిలోంచే అడిగింది, "మీ తెర మీద కనపడుతున్నాయా లేదా?"

"కనపడుతున్నాయి."

"అయితే ఒకటో నంబరు చదవండి. కత్తెర పట్టుకుని ఎంతసేపు నిలబడను?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. డిపోలో కౌంటరు వెనకనుంచి పాతిక ఇంజన్ల రొదని దాటి మెకానిక్కుకి వినపడేట్టు భాగాల నంబర్లు చదివిన గొంతు అది. రిటైరైనప్పటి నుంచీ దానికి పని లేదు.

"ఒకటో నంబరు. ఛాతీ ఇరవై ఏడు. నడుము ఇరవై నాలుగు. పొడవు పదిహేడున్నర. గమనిక: పొట్ట లోపలికి లాక్కున్నాడు, నడుముకి ఒక అంగుళం కలుపుకోవాలి."

ముందుగదిలో సుద్దముక్క గీసిన చప్పుడు, తర్వాత కత్తెర చప్పుడు. "ఊఁ, రెండు."

"రెండో నంబరు. ఛాతీ ఇరవై ఆరు. గమనిక: నవ్వుతూనే ఉంది, ఈ కొలత నమ్మకూడదు."

"నమ్మకపోతే ఏం చెయ్యాలి అక్కా?" అని కటింగమ్మ అడిగింది.

"ఇరవై ఐదు వెయ్యి. నవ్వితే అంగుళం పెరుగుతారు."

ఐదో నంబరు కుర్రాడు పెద్ద డ్రమ్ము మోస్తాడు, అది పొట్టకి ఆనుతుంది, కింది గుండీ వద్దు. ఎనిమిదో నంబరు అమ్మాయి కొలతలు తీసేటప్పుడు జేబుల్లో గోళీలున్నాయి, నడుములో రెండంగుళాలు తగ్గించాలి. స్టోరు గారు ఇవన్నీ రిజిస్టరు చదివినంత గంభీరంగా చదువుతుంటే, ముందుగదిలో ఆడవాళ్ళిద్దరూ బల్ల మీద వాలి నవ్వారు. అత్తగారు వచ్చి రెండు గదుల మధ్య గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఏదైనా వినపడకపోతే ఆవిడ మధ్యలో అందుకుని మళ్ళీ చెప్పేది, ఒకసారి తప్పు చెప్పి తిట్లు కూడా తింది. ఒంటిగంట ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. ఆయనకి ఎంతో సంతోషంగా ఉంది. రిటైరయ్యాక ఇంత సంతోషంగా ఏరోజూ లేడు.

పదకొండో నంబరు చదివి, వాళ్ళు కత్తిరించేదాకా ఆగినప్పుడు, ఆయన ఊరికే తెర వంక చూస్తుంటే అసలు తప్పు కంటపడింది. ఫైలు చదవడానికి అనుమతి ఇచ్చాడు గానీ, అది ఉన్న ఫోల్డర్ లోపలికి అడుగు పెట్టడానికి ఇవ్వలేదు. బీరువా తీసిపెట్టి గది తలుపు మూసేసినట్టయింది. ఒక్క లైను కొడితే చాలు. చెయ్యి మీటల మీదికి పోయింది, అక్కడే ఆగింది.

ఆ లైను కొడితే ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. తెరుచుకుంటే వాళ్ళే చూసి కత్తిరించుకుంటారు. పన్నెండో నంబరు నుంచి ఇరవై నాలుగు దాకా ఈయన గొంతుతో ఎవరికీ పనిలేదు. సరుకు ఉండి లేదన్న మాట ఆయన సర్వీసులో ఒక్కసారి కూడా లేదు. లైను కొట్టాడు. లేచి, అత్తగారి పీటని తప్పించుకుని, చెప్పడానికి ముందుగదిలోకి వెళ్ళాడు.

ఆయన చెప్పేలోపే కటింగమ్మ ల్యాప్‌టాప్ మీదికి వంగింది. "అక్కా, తెరుచుకుంది. ఇరవై నాలుగూ ఉన్నాయి."

భార్య ల్యాప్‌టాప్ వైపు చూసింది. గుమ్మంలో కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడ్డ భర్తని చూసింది. చెయ్యి చాపి ల్యాప్‌టాప్ మూత దించేసింది. దాని మీద మెరూన్ గుడ్డ చుట్ట ఒకటి ఎత్తి పెట్టింది.

"దాంట్లో చూస్తే నాకు వరస తప్పుతుంది," అంది. "మీరు వెళ్ళి చదవండి. పన్నెండు ఎవరు?"

కటింగమ్మ ల్యాప్‌టాప్ మీది గుడ్డ చుట్ట వంక ఒకసారి చూసి, సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

స్టోరు గారు వెనకగదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద అక్షరాలు కాస్త మసకగా కనపడ్డాయి. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.

"పన్నెండో నంబరు. ఛాతీ ఇరవై ఎనిమిది."

"వినపడలేదు," అంది భార్య అవతల నుంచి. "మళ్ళీ చెప్పండి."

ఆయన ఇంకాస్త గట్టిగా, మళ్ళీ చెప్పాడు.